మా ఇంటికి తల్లి వచ్చింది

నాచారం ఫ్యాక్టరీల గోడలు దాటి పాత ఊరి గల్లీల్లోకి వస్తే, ఒక గల్లీ చివర ఉమామహేశ్వర్ గారి మేడ ఉంది. ఆయన సర్కారు ప్రయోగశాలలో ఇంజనీరు. పైన ఆయనా, ఆయన భార్య సూర్యకళా ఉంటారు. కింద రెండు గదుల్లో సంతోషి కాపురం. ఆమె భర్త దుర్గేష్ ప్లాస్టిక్ బకెట్లు పోసే కంపెనీలో మిషన్ మీద పని చేస్తాడు. కొడుకు విక్రమ్ రెండో తరగతి. బిడ్డ కావ్యకు ఇంకా బడి ఈడు రాలేదు.

సంతోషిది ఆలేరు అవతల ఒక పల్లె. పొద్దున్నే గడప కడిగి పసుపు రాసి, తన వాకిట్లో వేసిన ముగ్గునే అలా సాగదీసి మేడ మెట్ల మీద దాకా వేసేది. వెయ్యమని పైవాళ్ళు ఎప్పుడూ అడగలేదు. "దేవుడు లోపలికొచ్చే తొవ్వ ఒక్కటే గదమ్మా, సగం ఏసి ఎట్ల ఇడుస్త?" అనేది. సూర్యకళ గారిది తెనాలి వైపు. ఆమె పెరుగు తోడు పెట్టినప్పుడల్లా ఒక గిన్నె కింది పిల్లలకని పక్కన పెట్టేది. ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చమూ లేదు, మాటలే అప్పుడప్పుడు తడబడేవి. కాపురానికి వచ్చిన కొత్తలో సంతోషి "అమ్మా, జర గంజు ఇస్తరా?" అని అడిగితే, ఆవిడ పాపం అన్నం వార్చిన గంజి గ్లాసులో పోసి, ఉప్పు కలిపి మరీ తెచ్చి ఇచ్చింది. గంజు అంటే వంటగిన్నె అని తెలిశాక ఇద్దరూ మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

ఆ ఏడు ఉప్పల్ రోడ్డంతా మెట్రో కోసం తవ్వి పోసి ఉంది. దుమ్ము నాచారం దాకా వచ్చేది. అయినా వేపచెట్లు తమ పని మానలేదు. పొద్దున తలుపు తీస్తే గల్లీ అంతా వేపపూత వాసన. బడులు ఒంటిపూట అయ్యాయి. చలి పోయి, ఎండ ఇంకా ముదరని ఆ కొన్నాళ్ళే సంతోషి పిల్లలకు పండుగ. సెలవు నాడు ఖర్చు లేని చోట్లన్నీ వాళ్ళకు తెలుసు. రామంతాపూర్‌లో టీవీ టవర్ కనిపించే చోట నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూడటం ఒకటి. మ్యాచ్ ఉన్న నాడు ఉప్పల్ స్టేడియానికి పోవడం ఇంకొకటి. లోపలికి కాదు, బయటికే.

"లోపటికి పోయినోళ్ళకు ఆట ఒక్కటే కనవడ్తది. మనకు లైట్లు, జనం, పోలీసు గుర్రాలు అన్నీ కనవడ్తయ్," అనేవాడు దుర్గేష్.

ఉగాదికి ముందు వచ్చిన ఆదివారం సాయంత్రం కూడా అలాగే వెళ్ళారు. కావ్య తండ్రి భుజాల మీద ఎక్కింది. విక్రమ్ గోడ వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. లోపల జనం ఒక్కసారి అరిచారు.

"నాయినా, గిప్పుడు ఒర్రింది ఫోర్‌కా, సిక్స్‌కా?"

"సిక్స్‌కు బిడ్డా. ఫోర్‌కైతే గింత ఒర్రరు."

"మరి ఔటైతే?"

"ఔటైనా ఒర్రుతరు. ఎవలు ఔటైన్రన్నదే మనకు తెల్వది."

చెంపలకు రంగులు వేసే కుర్రవాడొకడు కావ్యను చూసి ముచ్చటపడి, ఏమీ తీసుకోకుండానే రెండు చెంపల మీదా నారింజరంగు చుక్కలు పెట్టాడు. షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే పిల్ల తల్లి ఒడిలో వాలిపోయింది. ఒళ్ళు కాస్త కాలుతోంది. తిరిగి తిరిగి అలసిందనుకుంది సంతోషి.

మర్నాడంతా జ్వరం. మంగళవారం పొద్దున ముఖం కడుగుతుంటే చెంప మీద చుక్క ఒకటి ఇంకా కనిపించింది. రంగు సరిగ్గా పోలేదనుకుని తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. వెలుతురులోకి తెచ్చి చూస్తే అది రంగు కాదు, నీటిపొక్కు. గౌను ఎత్తి చూస్తే వీపు మీద ఇంకా ఉన్నాయి. సంతోషి గుడ్డ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది.

ఆమె పెరిగిన చోట దానిని జబ్బు అనరు. పేరు పెట్టి పిలవరు. తల్లి వచ్చింది అంటారు. వచ్చిన తల్లిని విసుక్కోకూడదు, ఎప్పుడు పోతావని అడగకూడదు. చల్లగా చూసుకుని చల్లగా సాగనంపాలి. పల్లెలో ఉన్న అత్త మల్లవ్వకు ఫోన్ చేసింది.

"సందకాడ పిల్లను రోడ్లపొంటి తిప్పితివి గదనే," అంది మల్లవ్వ. "తల్లి ఎదురువడ్డది, ఎంబడి వచ్చింది."

"ఇప్పుడేం జెయ్యాలె అత్తమ్మా?"

"ఏం జేస్తవ్? తలుపుకు యాపమండ గట్టు. యాపాకుల మీద పండవెట్టు. పొయ్యి మీద పోపు వెట్టకు. బయటోళ్ళను లోపటికి రానియ్యకు. నోటెంబడి ఎడ్డిమాట తియ్యకు, పైలం!"

బయటివాళ్ళు అనగానే సంతోషికి మొదట గుర్తొచ్చింది పైవాళ్ళ కూతురు ప్రజ్ఞ. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి నెల కాలేదు. ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి తల్లి వచ్చిన ఇంటి గాలి కూడా సోకించుకోకూడదని పల్లెలో ముసలివాళ్ళు పదేపదే చెప్పేవారు. ఈ మాట వెంటనే పైకి చెప్పాలి. సంతోషి మెట్ల దాకా వెళ్ళి, మెట్టు ఎక్కకుండా కిందే నిలబడింది. సూర్యకళ పైన వడియాలు పెడుతోంది.

"అమ్మా, మా ఇంటికి తల్లి వచ్చింది."

"అలాగా! పండక్కి వచ్చిందన్నమాట. మంచి పని చేసింది. ఎన్నాళ్ళుంటుంది?"

సంతోషి కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది. "గట్ల అడుగద్దమ్మా. ఆమె దయ. ఉన్నన్ని దినాలు ఉంటది."

"అదీ నిజమేలే. ఇంటికొచ్చిన మనిషిని ఎప్పుడు పోతావని అడుగుతామా!"

"ప్రజ్ఞక్క పైలమమ్మా."

"ఆఁ, బానే ఉంది. ఇప్పుడే పడుకుంది."

పైలం అంటే జాగ్రత్త అని సూర్యకళకు తెలియదు. కుశలం అడిగిందనుకుంది. తెనాలి వైపు దీన్ని ఆటలమ్మ అంటారు. తల్లి అంటే వాళ్ళకు కన్నతల్లే. సంతోషి మాత్రం చెప్పవలసిన మాట చెప్పాననీ, ఆవిడ విన్నదనీ నిమ్మళపడి లోపలికి వచ్చింది. తలుపుకు కట్టిన వేపమండను సాయంత్రం ఉమామహేశ్వర్ గారు కూడా చూశారు. ఈ వైపు ఉగాదికి మామిడాకుతో పాటు వేపాకు కూడా కడతారు కాబోలు అనుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఉగాది పొద్దున సంతోషి ఇంట్లో పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. గల్లీ చివరికి నీళ్ళ ట్యాంకర్ వచ్చిందని కేక వినపడింది. దుర్గేష్ ఇంట్లో లేడు, అర్జెంటు పని ఉందని కంపెనీవాళ్ళు పండుగనాడు కూడా రమ్మన్నారు.

"ఇక్రం, నేనొచ్చెదాంక బయటోళ్ళకు తలుపు దియ్యకు," అని చెప్పి బిందెలు తీసుకుని వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ప్రజ్ఞ కిందికి దిగింది. చేతిలో పళ్ళెం. ఉగాది పచ్చడి, బొబ్బట్లు, పసుపు కుంకుమ, ఒక జాకెట్టు ముక్క. సంతోషి వాళ్ళ అమ్మకు బొట్టు పెట్టి రమ్మని సూర్యకళ పంపింది. గొంతు వినగానే విక్రమ్ తలుపు తీశాడు. ప్రజ్ఞక్క బయటామె కాదు కదా!

కరెంటు లేదు. ఎండలోంచి వచ్చిన ప్రజ్ఞకు లోపల ఏమీ ఆనలేదు.

"మీ అమ్మమ్మేదిరా?"

"అమ్మమ్మ రాలే."

"వచ్చిందని మీ అమ్మ చెప్పిందిగా?"

"అమ్మమ్మ గాదక్కా, తల్లి వచ్చింది."

"సరే, ఎక్కడుంది?"

విక్రమ్ మూలకు వేలు చూపించాడు. "గదిగో, కావ్య మీదున్నది."

పిల్లవాడి ఆట అనుకుని ప్రజ్ఞ నవ్వింది. మూలన తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్న కావ్య "అక్కా" అంటూ చేతులు చాచింది. ప్రజ్ఞ మెల్లగా గోడ పట్టుకుని కింద కూర్చుంది. పిల్ల వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది. బొబ్బట్టు తుంచి నోట్లో పెడుతూ, "ఇంత వేడిగా ఉన్నావేమే?" అంటూ ముఖం మీది జుట్టు తోసింది.

గుమ్మంలో బిందె పడిన చప్పుడైంది.

"లే అక్కా! జల్ది లే! బయటికి నడువ్!"

ప్రజ్ఞ బిత్తరపోయింది. "ఏమైంది సంతోషీ? మీ అమ్మగారికి బొట్టు పెడదామని..."

"మా అవ్వనా? మా అవ్వ ఎందుకొస్తది? తల్లి అక్కా... తల్లి!" సంతోషి పిల్ల చెంప వైపు చూపించింది. ఎంత కంగారులోనూ ఆమె నోటికి వేరే మాట రాలేదు. అప్పటికి ప్రజ్ఞ కళ్ళు ఆ చీకటికి అలవాటు పడ్డాయి. పిల్ల చేతుల మీద పొక్కులు కనిపించాయి.

"చికెన్ పాక్సా?" అంది. చెయ్యి తనంతట తానే కడుపు మీదికి వెళ్ళింది.

ఆ తరువాత పైన ఏం జరిగిందో సంతోషి మెట్ల కింద నిలబడి అంతా విన్నది. సూర్యకళ మెట్లు సగం దిగి ఆగింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"జబ్బని చెప్పడానికి నోరు రాలేదా నీకు? కడుపుతో ఉన్న పిల్లే అది!"

"తల్లిని జబ్బంటమా అమ్మా? మొన్ననే జెప్తి గదా. ప్రజ్ఞక్క పైలమని గుడ జెప్తిని."

"ఏం చెప్పావో నాకేం తెలుసు? మీ అమ్మ వచ్చిందనుకున్నాను!"

ఉమామహేశ్వర్ గారు డాక్టరమ్మకు ఫోన్ చేశారు. చిన్నప్పుడు ఒకసారి వచ్చి ఉంటే భయం లేదనీ, రాకపోతే ఈ నెలల్లో తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదమనీ ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు వచ్చిందా? అది సూర్యకళకు తెలియదు. తాము ఉద్యోగ బదిలీల మీద తిరిగిన ఆ రోజుల్లో ప్రజ్ఞ నాయనమ్మ సుశీలమ్మ దగ్గర పెరిగింది. ఆవిడకు ఫోన్ చేశారు. చెవుడు కాబట్టి ఉమామహేశ్వర్ గారు గల్లీ అంతా వినిపించేలా అరవవలసి వచ్చింది.

"అమ్మా! ప్రజ్ఞకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"ఆటలా? ఆటలకేంరా, తెగ ఆడేది."

"ఆటలు కాదమ్మా, ఆటలమ్మ! ఒళ్ళంతా పొక్కులు!"

"ఓ అదా... ఒక వేసంకాలం ఏదో పేలినట్టు గుర్తు. అమ్మవారో, చెమటకాయలో. ఇంతకీ పిల్ల కులాసాయేనా?"

పరీక్షకు రక్తం ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆగాలన్నారు. ఆ నడిమి రోజులు సంతోషికి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కింద పిల్ల గోక్కోకుండా వేపరెమ్మతో నిమురుతూ కూర్చునేది. చెవులు మాత్రం పైనే ఉండేవి. పైన గిన్నె పడినా, ఎవరైనా గబగబా నడిచినా లేచి నిలబడేది. వాళ్ళు కిందికి దిగే వేళకు తను తలుపు మూసుకునేది.

"నువ్వు జెప్పినవ్ గదా. దీంట్ల నీ తప్పేమున్నది?" అన్నాడు దుర్గేష్.

"నేను జెప్పిన. ఆమెకు సమజ్ గాలే. ఆమెకు సమజైందా లేదా అని నేను సూడాలె గదా?"

ఆ సాయంత్రమే ఉమామహేశ్వర్ గారు మేడ పిట్టగోడ మీంచి వంగి, "దుర్గేష్, పాపని కూడా డాక్టరుకి చూపించవయ్యా. వేపాకు వేపాకే, మందు మందే," అన్నారు. కోపంలో ఉండి కూడా పిల్లను మరువని మనిషి. దుర్గేష్ తీసుకువెళ్ళి పూతమందు తెచ్చాడు. సంతోషి దానిని ముందు దీపం దగ్గర పెట్టి, దండం పెట్టి, తరువాతే పిల్లకు పూసింది.

రోజూ పొద్దున ముగ్గు వేసేది కానీ, మెట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. మొదటి మెట్టు ముందే ముగ్గు తుంచేసి, పైకి చూసి మొక్కేది. "తల్లీ, నా ఇంట్ల ఎన్ని దినాలన్న ఉండు. నిన్ను పొమ్మన. మెట్లు మాత్రం ఎక్కకు." ఒకనాడు అలా మొక్కి కళ్ళు తెరిచేసరికి మొదటి మెట్టు మీద నోరు కొట్టిన కొబ్బరిబోండాం ఉంది. పైన సూర్యకళ చీరకొంగు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోతూ కనిపించింది.

ఫలితం మంచిగా రాలేదు. ప్రజ్ఞకు చిన్నప్పుడు రాలేదని తేలింది. సుశీలమ్మకు గుర్తున్నవి చెమటకాయలే. పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి ఏదో ఖరీదైన సూది వేయించారు. దానివల్ల చాలావరకు రాకుండా ఉంటుందనీ, అయినా ఒక నెల దాకా కనిపెట్టి ఉండాలనీ చెప్పారు. అటునుంచి అటే మల్కాజిగిరిలో అన్న నరేన్ ఇంటికి పంపేశారు. ప్రజ్ఞ బట్టల సంచి తీసుకుపోవడానికి నరేన్ వచ్చినప్పుడు, సంతోషి కిటికీ లోపలినుంచే, "అన్నా, అక్కకు జెరమేమన్న ఉన్నదా?" అని అడిగింది.

"ఇప్పటికైతే లేదు," అన్నాడతను ఆగకుండానే.

కావ్యకు పొక్కులు ఎండి రాలాయి. సంతోషి వేపాకు నీళ్ళతో తల పోసి, ఇల్లంతా కడిగి, పసుపు నీళ్ళు చల్లి, పోచమ్మ గుడిలో పెరుగన్నం పెట్టి తల్లిని సాగనంపింది. ప్రజ్ఞకు ఇంకా ఏమీ కాలేదన్న మాట పైన పాలు పోసేవాడి ద్వారా తెలిసింది. తరువాత కొన్నాళ్ళకు సూర్యకళే మెట్ల మీద నిలబడి మాట్లాడింది. అన్నాళ్ళకు అదే మొదటి మాట.

"అక్కడ వాళ్ళ వదినకి పసిపిల్ల, ప్రజ్ఞకి నిద్ర ఉండటం లేదు. కింద పాపకి తగ్గిపోయిందిగా, రేపు ఆదివారం తెచ్చేసుకుంటాం."

"తెచ్చుకోన్రమ్మా. ఇల్లు సల్లవడ్డది," అంది సంతోషి. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

ఆదివారం పొద్దున విక్రమ్ ఆఖరి పరీక్ష పుస్తకం ముందు పెట్టుకుని మెడ గోక్కుంటున్నాడు.

"ఏందిరా గట్ల గోకుతవ్?"

"దోమ కుట్టిందే."

సంతోషి చొక్కా లాగి చూసింది. దోమ కాదు. రెండు భుజాల నడుమ నీళ్ళు నిండిన పొక్కులు మెరుస్తున్నాయి.

అదే సమయానికి మేడ మీద సూర్యకళ ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఆటో ఎక్కారా? సరే, గల్లీ మొదట్లోకి రాగానే చెప్పండి, నాన్నగారు వస్తారు."

సంతోషి మెట్ల దగ్గరికి పరుగెత్తింది. పైకి కేకెయ్యబోయి ఆగింది. ఆ పేరు ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పలకలేదు. కొడుకు ఒంటి మీద తల్లి అప్పుడే కూర్చుంది. ఇప్పుడే జబ్బని పిలిస్తే వాడి మీద ఎంత ఉగ్రంగా ఉంటుందో! వెనక గుమ్మంలో విక్రమ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ చూస్తున్నాడు. సంతోషి కళ్ళు మూసుకుంది.

"అమ్మా! ఇక్రంకు చికెన్ పాక్స్! చికెన్ పాక్స్ అయిందమ్మా! అక్కను రానియ్యకున్రి!"

సూర్యకళ పిట్టగోడ దగ్గరికి వచ్చి కిందికి చూసింది. తరువాత ఆవిడ ఫోన్‌లో, "నరేన్, ఆటో తిప్పెయ్. తిప్పెయ్ నాయనా, కింద బాబుకి వచ్చింది," అంది. ఆటో అప్పటికి హబ్సిగూడ దాటలేదు.

సంతోషి లోపలికి వచ్చి దీపం ముందు నిలబడి చెంపలు వాయించుకుంది. మెత్తగా కాదు, చప్పుడయ్యేలాగే.

"అమ్మా, ఎందుకు కొట్టుకుంటున్నవే?" అన్నాడు విక్రమ్.

"నిన్ను గాదు గదరా. పో, పండుకో. యాపాకు తెస్త."

"మరి రేపు పరీచ్చ?"

"తల్లి పోనియ్యది బిడ్డా."

ఆమె మండ కోసుకుని వచ్చేసరికి మొదటి మెట్టు మీద బోండాం ఉంది. ఈసారి సూర్యకళ లోపలికి వెళ్ళిపోలేదు. పై మెట్టు మీదే కూర్చుని ఉంది. "ఆ మాట అన్నావుగా, నీ తరఫున నేను కూడా దణ్ణం పెట్టుకున్నాలే. పిల్లాడికేం కాదు," అంది.

విక్రమ్‌కు కావ్యకంటే ఎక్కువే పోసింది. జ్వరం కూడా ఎక్కువే. తన నోటి మాట వల్లే అయిందని సంతోషి లోలోపల ఎన్నిసార్లు అనుకుందో ఆ దేవతకే తెలియాలి. వాడు లేచి తిరిగేసరికి వేపపూత అంతా రాలిపోయి, ఎండ ముదిరి, ఎక్కడికీ వెళ్ళే రోజులు కాకుండా పోయాయి. స్టేడియం లైట్లు చూపిస్తానన్న మాట దుర్గేష్ మళ్ళీ ఎత్తలేదు. ప్రజ్ఞ కాన్పు అయ్యేదాకా మల్కాజిగిరిలోనే ఉండిపోయింది. ఆమెకు ఒక్క పొక్కు కూడా లేవలేదు. అయినా పుట్టే బిడ్డ ఎలా ఉంటుందోనన్న దిగులు ఆ మేడలో పైనా కిందా చివరిదాకా ఉంది.

తొలివానలు పడ్డాక ఒక ఉదయం, సంతోషి వాకిలి ఊడుస్తుండగా ఆసుపత్రి నుంచి సూర్యకళ ఫోన్ చేసింది.

"సంతోషీ, మా ఇంటికి తల్లి వచ్చిందే!"

సంతోషి చేతిలో చీపురు జారిపోయింది. "ఏ తల్లమ్మా? జర సాఫ్‌గ జెప్పున్రి!"

"ఆడపిల్లే పిచ్చిదానా! ఆడపిల్ల! ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. డాక్టరు చూసింది, నేనూ చూశాను."

సంతోషి అక్కడే మెట్ల మీద కూర్చుని పైకి చూసి దండం పెట్టింది. కాసేపటికి లేచి, వానకు తడిసిన ఆ మెట్లు తుడిచి, అన్నాళ్ళూ కిందే తుంచేసిన ముగ్గును పై గడప దాకా వేసింది.